చేరారట, చేరినట్టుంది, చేరారు: కుర్స్క్ వార్తల్లో ఒక 'ట' సంగతి

అడిగినవారు:

మా అమ్మాయి జర్నలిజం చదువుతోంది. పోయిన వారం క్లాసులో 2024 అక్టోబరు నాటి ఇంగ్లీషు వార్తలు నాలుగైదు ఇచ్చి, తెలుగులో ఒక్క పేరాగా రాయమన్నారు. ఉక్రెయిన్ మీద యుద్ధానికి రష్యా తరఫున ఉత్తర కొరియా సైనికులు వచ్చారా లేదా అన్నది విషయం. ఆ వార్తల్లో ఏ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. మా పిల్ల 'ఉత్తర కొరియా సైనికులు రష్యా చేరారట' అని మొదలుపెట్టింది. మాస్టారు ఆ 'ట' మీద ఎర్రగీత కొట్టి, 'చేరినట్టు సమాచారం' అని దిద్దారు. పక్కనే ఒక చురక: 'ఇది అరుగు మీద కబురు కాదు.'

నాకైతే పిల్ల రాసిందే నిజాయితీగా అనిపించింది. పత్రికా భాషకు 'అట' ఎందుకు పనికిరాదో పెద్దలెవరైనా చెప్పండి.

ఒక మాజీ పత్రికా డెస్క్ ఉద్యోగి:

మాస్టారిని తప్పు పట్టకండి సార్. మాకూ అలాగే నేర్పారు. 'అట'లో కబురుతో పాటు కాస్త వెటకారం కూడా ఉంటుంది. 'మంత్రిగారు రేపు వస్తారట' అని అచ్చేస్తే, వచ్చినప్పుడు చూద్దాంలే అన్నట్టు వినపడుతుంది. అందుకని 'సమాచారం', 'తెలిసింది', 'భోగట్టా' వాడేవాళ్లం.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. వార్తా ఏజెన్సీ పంపే కాపీలో ఎవరు చెప్పారో మొదటి వాక్యంలోనే ఉంటుంది. హెడ్డింగులో చోటు చాలక మేం ముందు ఎగరగొట్టేది ఆ పేరునే. 'దక్షిణ కొరియా నిఘా సంస్థ అంటోంది' అన్నది పోయి 'సమాచారం' మిగులుతుంది. ఎవరి సమాచారమయ్యా అంటే, ఎవరిదీ కాదు!

తెలుగు చెప్పే ఒక లెక్చరరు:

అమ్మాయి చేసిన పని వ్యాకరణంగా చాలా సరైనది. మనకు మూడు మెట్లున్నాయి. పొద్దున్నే తలుపు తీస్తే వాకిలి తడిగా ఉంది: 'రాత్రి వాన పడినట్టుంది.' పక్కింటావిడ చెప్పింది: 'రాత్రి వాన పడిందట.' మనమే తడిశాం: 'వాన పడింది.' ఇంత తేడాని మనం ఆలోచించకుండానే పలుకుతాం.

ఇప్పుడు ఆ వార్తల్ని వరసగా పెట్టి చూడండి. 2024 అక్టోబరు 10న, అలాంటి కబుర్లన్నీ కల్పితమని రష్యా అధ్యక్షుడి ప్రతినిధి పెస్కోవ్ కొట్టిపారేశారు. 18న దక్షిణ కొరియా నిఘా సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూపించి, దాదాపు 1,500 మంది ప్రత్యేక దళాల వాళ్లను ఓడల్లో రష్యా తూర్పు రేవు వ్లాదివొస్తోక్ చేర్చారని చెప్పింది. ఆ సంస్థకు అది 'చేరినట్టుంది'. దాని మాట విన్న మనకు 'చేరారట'. 23న అమెరికా కనీసం 3,000 మంది అంది. ఆ మర్నాడు రష్యా నగరం కజాన్‌లో విలేకరులు ఆ చిత్రాల గురించి అడిగితే పుతిన్ కాదనలేదు, అవుననలేదు. చిత్రాలున్నాయంటే అవి ఏదో ఒకటి చూపిస్తున్నట్టేగా అన్నారు. 28న నాటో అధిపతి రుట్టే, వాళ్లు రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి వచ్చారని ఖాయం చేశారు. 2025 జనవరిలో ఇద్దరు ఉత్తర కొరియా సైనికులు తమకు పట్టుబడ్డారని ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ప్రకటించి, వాళ్ల ఫొటోలు, వీడియో బయటపెట్టారు. చివరికి ఏప్రిల్ 26న రష్యా సేనాపతి గెరాసిమోవ్ ఆ సైనికులను మెచ్చుకుంటూ పుతిన్‌కు నివేదించారు. రెండు రోజులకు ఉత్తర కొరియా తానే ఒప్పుకుంది. అప్పుడే అది అందరికీ 'చేరారు' అయింది.

ఆరు నెలల పైచిలుకు పట్టిన ఈ ప్రయాణాన్ని మొదటి రోజే 'సమాచారం' అన్న ఒక్క ముద్దలో కలిపేస్తే ఎలా?

ఇంకో చిన్న సంగతి. 'చేరారని తెలిసింది' వేరు, 'చేరినట్టు తెలిసింది' వేరు. మొదటిదాంట్లో చేరడం నిజమని మనం ఒప్పేసుకున్నాం. రెండోదాంట్లో ఆ 'ట్టు' కాస్త వెనక్కి లాగుతుంది. డెస్కుల్లో రెండూ ఒకటేలా వాడేస్తారు.

కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు:

మా దిక్కు 'వచ్చిండ్రంట' అంటం. ఆ 'అంట' లేకుంటే కబురే లేదు. ఒక తమాషా చూడున్రి. 'నేను' పక్కన పెడితే ఇదే మాట ఎదురు తిరుగుతది. 'నేను పార్టీ మారుతున్ననంట!' అని నాయకుడు అన్నడంటే, అది నాకే తెల్వదు, మీరే పుట్టించిన్రు అని అర్థం. అక్టోబరు 21న ఐక్యరాజ్యసమితిలో ఉత్తర కొరియా ప్రతినిధి అవన్నీ ఆధారం లేని పుకార్లన్నడు. దాన్ని తెలుగు చెయ్యమంటే నేనైతే 'మేము ఫౌజును పంపినమంట!' అని రాస్త. కబురు చెప్పెటోనికీ అదే 'అంట', కాదనెటోనికీ అదే 'అంట'.

డెస్క్ ఉద్యోగి మళ్లీ:

భలే చెప్పావు తమ్ముడూ. పత్రిక ఆ మాటకు భయపడేది సరిగ్గా అందుకే.

ఈ వార్తల్లో ఇంకో మాట కూడా నలిగిపోయింది: 'మోహరించారు'. మోహరం అంటే సేన, యుద్ధానికి బారులు తీరిన వ్యూహం. అక్టోబరు మధ్యలో దక్షిణ కొరియా చెప్పింది రష్యా తూర్పు కొసన శిక్షణ శిబిరాల గురించి. అది యుద్ధం జరుగుతున్న చోటికి వేల కిలోమీటర్ల దూరం. దాన్ని మోహరింపు అనకూడదు, 'మకాం' అనొచ్చు. కుర్స్క్ కూడా రష్యా నేలే. 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సైన్యం అక్కడికి చొచ్చుకుపోబట్టి యుద్ధరంగమైంది. 'ఉక్రెయిన్‌లో ఉత్తర కొరియా సేనలు' అని హెడ్డింగు పెడితే సగం గొడవ మనమే పుట్టించినట్టు.

విశాఖ నుంచి ఒకావిడ:

నేను కాస్త అడ్డం వస్తాను, ఏమనుకోకండి. మీరంతా 'అట'ను మరీ ఎత్తేస్తున్నారు. ఎవరి నోటి కబురో 'అట' మాత్రం చెబుతుందా? 'సమాచారం' ఎంత అనాథో ఇదీ అంతే.

2024 డిసెంబరు 23 చూడండి. ఉత్తర కొరియా సైనికుల నష్టం మీద ఒక్క రోజే రెండు లెక్కలు. దక్షిణ కొరియా సైన్యం 1,100 మంది అంటే జెలెన్‌స్కీ 3,000 దాటారన్నారు. రెండూ చనిపోయినవాళ్లనూ గాయపడ్డవాళ్లనూ కలిపిన అంకెలు. ఒక చానెల్ స్క్రోలింగులో '3,000 మంది మృతి' అని పోతుంటే నేనే చూశాను! దానికి చివర 'అట' తగిలిస్తే ఏం బాగుపడుతుంది? ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, విన్నదాన్ని విన్నట్టు రాసేస్తే చాలదు. 'జెలెన్‌స్కీ అంటున్నారు', 'దక్షిణ కొరియా అంటోంది' అని పేరు పెట్టి రాయాలి. అన్నది యుద్ధంలో ఒక పక్షమని కూడా చదివేవాడికి గుర్తుచెయ్యాలి.

ఇది ఎక్కడో దూరపు సంగతీ కాదు. రష్యా సైన్యంలో సహాయకుడి పనికని వెళ్లిన ఒక హైదరాబాదు యువకుడు చనిపోయాడని 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ఖాయం చేసింది. 'పోయాడట' కీ 'పోయాడు' కీ మధ్య ఎంత దూరమో అలాంటి ఇంటివాళ్లను అడగాలి.

లెక్చరరు:

ఒప్పుకున్నానమ్మా. పేరు దొరికినచోట పేరే. దొరకనిచోట మాత్రం, తెలిసినట్టు నటించే 'సమాచారం' కన్నా విన్నానని ఒప్పుకునే 'అట' మేలు అంటాను. అక్కడ మాత్రం తగ్గను.

అడిగినవారు:

అందరికీ నమస్కారం. ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. రాత్రి కూర్చుని పేరా మొత్తం తిరగరాసింది. 'దక్షిణ కొరియా నిఘా సంస్థ చెబుతోంది', 'రష్యా కొట్టిపారేసింది', 'అమెరికా అంటోంది', ఇలా ప్రతి వాక్యానికీ ఒక యజమాని వచ్చాడు. 'సమాచారం' ఎక్కడా లేదు. సైనికులకు సైబీరియా వాళ్లవని భ్రమపడేలా దొంగ గుర్తింపు కార్డులిచ్చారన్న సంగతి దగ్గర మాత్రం తనకిచ్చిన కాగితాల్లో ఎవరి పేరూ లేదట. అక్కడ 'ఇచ్చారట' అనే ఉంచింది.

సోమవారం మాస్టారు చూస్తారు. ఎర్రగీత పడితే ఫొటో పెడతాను.