అప్‌డేట్: పార్వతీపురం జిప్సీ కొన్నాను, రాయగడకు వచ్చేసింది

పార్వతీపురంలో అమ్మకానికున్న 2009 మోడల్ మారుతి జిప్సీ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే చిన్న జీపు) కొనొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. కొన్నాను. "ముందు కిందికి దూరి ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) చూడు, తర్వాతే రేటు మాట్లాడు" అని అప్పుడు సలహా ఇచ్చిన అన్నగారికి చాలా థాంక్స్. సుత్తితో తట్టి చూస్తే వెనక కమాన్ కట్ట (కుదుపులు ఆపే స్ప్రింగ్ పట్టీలు) ఛాసిస్‌కు తగిలే చోట తుప్పు లోపలిదాకా తినేసింది. మిగతాదంతా గట్టిదే. అది చూపించే ధర తగ్గించాను.

ఇక్కడి మెకానిక్ ఆ ముక్క కోసేసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేశారు. కమాన్ బుష్‌లు మార్చాం. ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె), రెండు డిఫరెన్షియల్స్‌లో (ఇరుసుల మధ్య ఉండే గేర్లు) కొత్త ఆయిల్ పోశాం. బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ జోలికి పోలేదు. ఇంత తేలిక బండికి మంచి టైర్లుంటే చాలని నా నమ్మకం.

కొరాపుట్‌లో 1,672 మీటర్ల దేవమాలి కొండ వైపు రాళ్ల దారిలో ఫోర్-ఎల్ (నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే లో గేరు) వేసి దిగాను. బ్రేకు పెద్దగా తొక్కకుండానే ఇంజినే బండిని పట్టి ఉంచింది. ఎంత ఆనందమేసిందో!

15 ఏళ్లు దాటినా పాత ఓనరు ఆర్‌సీని ఐదేళ్లకు రెన్యువల్ చేయించి ఉంచారు, ఆ టెన్షన్ లేదు. రాయగడ ఒడిశాలో ఉంది కాబట్టి ఫారం 28 దరఖాస్తు పెట్టి ఆంధ్రా ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోడానికి అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చాను. ఇక ఒడిశా నంబరు, రోడ్ టాక్స్ మిగిలాయి.