స్కిల్డ్ నర్సింగ్‌లో చేరితే న్యూ గ్రాడ్ రెసిడెన్సీకి అర్హత పోతుందా?

డాలస్‌లో ఉంటున్నాను. డిసెంబర్‌లో బీఎస్ఎన్ (నర్సింగ్ డిగ్రీ) అయింది. ఫిబ్రవరిలో ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్స్ పరీక్ష) కనీస సంఖ్య అయిన 85వ ప్రశ్నకే ఆగిపోయింది, పాసయ్యాను. టెక్సాస్ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్, బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ అనే ప్రాణరక్షణ శిక్షణ సర్టిఫికెట్లు ఉన్నాయి. వర్క్ పర్మిట్ సమస్య లేదు.

ఇప్పటికి 31 రెసిడెన్సీలకు (కొత్త నర్సులకు హాస్పిటళ్లు శిక్షణతో ఇచ్చే ఉద్యోగాలకు) అప్లై చేశాను. మొదట ఐసీయూలకే పెట్టాను, అది పొరపాటే. మార్చి నుంచి మెడ్-సర్జ్ (సాధారణ వార్డు), టెలిమెట్రీ (గుండె మానిటరింగ్ వార్డు), నైట్ షిఫ్టులకు కూడా పెడుతున్నాను. రెజ్యూమె రెండుసార్లు మార్చాను. రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి. రెండో దాంట్లో నలుగురు పేషెంట్లను చెప్పి ముందు ఎవరిని చూస్తారని అడిగారు. ఆక్సిజన్ 86కి పడిపోయినాయన్ని అని, కారణంతో సహా చెప్పాను. మేనేజర్ తలూపుతూ రాసుకున్నారు. నాలుగు రోజులకు రిజెక్షన్ మెయిల్ వచ్చింది.

ఇప్పుడు ఒక స్కిల్డ్ నర్సింగ్ సెంటర్ (హాస్పిటల్ నుంచి వచ్చి కోలుకునేవాళ్లకు, వృద్ధులకు నర్సింగ్ కేర్ ఇచ్చే చోటు) ఆర్ఎన్‌గా ఆఫర్ ఇచ్చింది. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. వృద్ధులకు సేవ చేయడం నాకు ఇష్టమే. కానీ చాలా రెసిడెన్సీలు ఆర్ఎన్ అనుభవం ఏడాదిలోపే ఉండాలంటాయి, కొన్ని ఆరు నెలలే అంటాయి. ఆ పరిమితికి హాస్పిటల్ అనుభవాన్నే లెక్కిస్తామని కొన్ని స్పష్టంగా రాస్తాయి, మిగతావి రాయవు. రిక్రూటర్లకు మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబే వస్తోంది. హాస్పిటల్ దారి మూసుకుపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

స్కిల్డ్ నర్సింగ్‌లో కొన్ని నెలలు చేశాక టెక్సాస్‌లో న్యూ గ్రాడ్ రెసిడెన్సీ దొరికినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ అనుభవాన్ని మీకు అడ్డుగా లెక్కించారా, లేదా?