కోనసీమ పెరట్లో హిమచంప నాటవచ్చునా, సంపెంగతో సరిపెట్టుకోవాలా?

అంబాజీపేట నుంచి:
మా ఇంటి వెనుక మూడు సెంట్ల స్థలం ఉంది. ముదిరిపోయిన కొబ్బరిచెట్లు రెండింటిని కొట్టించవలసి రావడంతో, ఆ చోట పెద్ద తెల్లపూల మాగ్నోలియా, అంటే నర్సరీలవారు హిమచంప అనే చెట్టును నాటాలని మనసుపడ్డాను. కడియం వెళ్లి విచారిస్తే ఒకచోట నిక్షేపంగా పెరుగుతుందన్నారు, మరొకచోట మన నేలకు పనికిరాదు, సంపెంగ తీసుకువెళ్లండి అన్నారు. పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

రావులపాలెం నుంచి:
మా ఇంట్లో హిమచంప పన్నెండేళ్లుగా ఉంది, ఏటా వేసవిలో పళ్లెమంత పూలు పూస్తుంది. అమెరికా ఆగ్నేయ తీరంలో, ఉక్కపోతా వానలూ ఉన్న మైదానాల్లో పుట్టిన చెట్టుకు మన డెల్టా పడదనడం సరికాదు. రెండడుగుల గుంత తీసి, సగం ఇసుక నింపి ధైర్యంగా నాటండి.

పాలకొల్లు నుంచి:
రావులపాలెం వారు వాతావరణం గురించి చెప్పినది నిజం. ఆకులన్నీ రాల్చి, చలికాలం చివర గులాబీరంగు పూలు పూసే మాగ్నోలియాలకు గట్టి చలి కావాలి కనుక అవి మనకు పనికిరావు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే హిమచంపకు ఆ ఇబ్బంది లేదు. నా అభ్యంతరమంతా ఆ గుంత గురించే.

ఆరేళ్ల క్రితం నేను నడుమెత్తు మొక్క తెచ్చి, సరిగ్గా అలాగే గుంతలో ఇసుక, పశువుల ఎరువు నింపి నాటాను. రెండేళ్లు కళకళలాడింది. మూడో ఏడు అక్టోబరు వాయుగుండానికి పెరట్లో నాలుగు రోజులు నీరు నిలిచింది. నీరు తీసిన వారానికి ఆకులు వేలాడిపోతే, దాహమనుకుని నేనే మరో రెండు బిందెలు పోశాను. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. చివరికి తవ్వి చూస్తే వేళ్లు నల్లబడి మురుగువాసన వేస్తున్నాయి, చేత్తో లాగితే పైతోలు తొడుగులా ఊడివచ్చి లోపలి నార మాత్రం మిగిలింది. పక్కనున్న బంకమట్టిలోకి ఒక్క వేరైనా పోలేదు, అన్నీ నర్సరీ కవరు ఆకారంలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

బంకనేలలో గుంత తీసి ఇసుక నింపితే అది అడుగున చిల్లు లేని కుండీ అవుతుంది. చుట్టుపక్కల నీరంతా అందులోకి దిగుతుంది, బయటికి పోయే దారి ఉండదు. మాగ్నోలియా వేళ్లు కండగా ఉండి పైపైనే పరుచుకుంటాయి కనుక, గాలి అందకపోతే త్వరగా కుళ్లుతాయి. అందుచేత అడుగున్నర ఎత్తు, ఆరడుగుల వెడల్పు దిబ్బ పోసి, ఒండ్రుమట్టిలో చివికిన ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి, దాని మీద నాటడమే మేలు. అది కూడా తుపాన్ల రోజులు దాటాక, మార్గశిరంలో నాటితే వచ్చే వానలలోపు వేళ్లు నిలదొక్కుకుంటాయి. కవరు తీసినప్పుడు చుట్టలుగా తిరిగిన వేళ్లను మాత్రం విడదీయండి.

రాజోలు నుంచి:
ప్రశ్నలోని “సరిపెట్టుకోవాలా” అన్న మాట నాకు కష్టం కలిగించింది. మన సంపెంగ కూడా మాగ్నోలియాయే. పూర్వం మిచేలియా అనే వేరే ప్రజాతిగా లెక్కించి, తరువాత శాస్త్రజ్ఞులు ఇందులో కలిపారు. సంపెంగ మీద తుమ్మెద వాలదని మన కవులు చెప్పుకున్నారు. ఈ కుటుంబపు పూలకు పుప్పొడి మోసేవి ముఖ్యంగా పెంకుపురుగులే అని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

అయితే సంపెంగ కూడా పల్లంలో బతకదు. సింహాచలం సంపెంగలకు అంత పేరు రావడంలో నీరు నిలవని కొండవాలుకు కూడా పాత్ర ఉందని నా నమ్మకం. మూడు సెంట్లలో పెట్టేవారు అంటు మొక్కే తీసుకోవాలి. గింజ మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు, పైగా ఇంటిని మించి పెరుగుతుంది. అంటు రెండు మూడేళ్లకే పూస్తుంది. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచకపోతే, కొన్నాళ్లకు అంటు పోయి అడుగు మొక్క మాత్రమే మిగులుతుంది.

రావులపాలెం నుంచి:
పాలకొల్లు వారి అనుభవం చదివాక ఒక విషయం ఒప్పుకోవాలి. మాది గోదావరి ఒడ్డు లంక నేల, ఇసుక కలిసిన ఒండ్రు. ఎంత వాన కురిసినా పూటలో ఇంకిపోతుంది. ఆ సంగతి రాయకుండా సలహా ఇవ్వడం నా తప్పే. అంబాజీపేట వారు ముందుగా అడుగున్నర గుంత తీసి, నిండా నీళ్లు పోసి, మరునాటికి ఎంత మిగిలిందో చూడాలి. హిమచంప మీద నా ఇష్టం మాత్రం తగ్గలేదు. తోలులాంటి ఆకులు ఏడాదంతా రాలుతాయి, త్వరగా చివకవు, రోజూ ఊడవక తప్పదు. అయినా తెల్లవారి విచ్చుకుంటున్న మొగ్గ దగ్గర నిలబడితే నిమ్మవాసన లాంటి పరిమళం వస్తుంది, దాని కోసం ఆ శ్రమ పడవచ్చు.

అంబాజీపేట నుంచి:
నిన్న ఉదయం గుంత తీసి నీళ్లు పోశాను. ఈ ఉదయానికి ఇంకా జానెడు లోతు నీరు అలాగే ఉంది, అంచు మట్టి చేతివేళ్లకు జిగురులా అంటుకుంటోంది. గుంత పూడ్పించాను. కాలువ పూడిక తీసిన ఒండ్రు రెండు ట్రాక్టర్లు చెప్పాను; దిబ్బ పోయించి, మార్గశిరంలో సంపెంగ అంటు నాటుతాను. పక్కనే పదడుగుల దూరంలో రెండో దిబ్బకు కూడా చోటుంది. మొదటి వానాకాలంలో సంపెంగ నిలబడితే, అక్కడ హిమచంప పెడతాను.