బరంపురం ఆఫీసులో ఉద్యోగానికి హైదరాబాద్ జీతం ఇవ్వాలా?

గంజాం హెచ్‌ఆర్: మన ఊళ్లో అద్దె తక్కువ, ఇంటి భోజనం. జీతం హైదరాబాద్ కన్నా 25 శాతం తగ్గితే తప్పేంటి? పెంచినా లాభం లేదు. పాత కంపెనీలో రాజీనామా ఇచ్చి 90 రోజుల నోటీసులో ఉన్నవాళ్లు మన ఆఫర్ లెటర్ చూపించి ఇంకోటి తెచ్చుకుంటారు, చేరాల్సిన రోజు ఫోనెత్తరు.

గోపాల్‌పూర్ కోడర్: తగ్గించేది దేనిమీదండీ? ప్రకటనలో ఏడాదికి 6 లక్షల సీటీసీ అంటారు, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 10 శాతం తీసేయండి. బేసిక్ (మూల వేతనం) నెలకు 25 వేలైతే, మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది 4.81 శాతం, అంటే 1,202. కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 15 వేల పరిమితి మీద 1,800, ఉద్యోగి వాటా ఇంకో 1,800, వృత్తి పన్ను 200. ఇవన్నీ పోగా నెలకు చేతికొచ్చేది 40 వేలు. ఇంట్లో 50 వేలని చెప్పుకున్న కుర్రాడు మొదటి పే స్లిప్ చూసి వేరేచోట వెతుక్కోడా?

పర్లాకిమిడి 88: పీఎఫ్ మన డబ్బే కదా.

గోపాల్‌పూర్ కోడర్: మొత్తం కాదు. కంపెనీ 1,800లో 1,250 పెన్షన్ ఖాతాకు పోతుంది. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి.

గంజాం హెచ్‌ఆర్: మళ్లీ పీఎఫ్ పట్టుకున్నారు! ఆఫర్ తీసుకుని రానివాళ్ల సంగతి మాట్లాడండి.

రాయగడ టెస్టర్: మిగిలిన నోటీసు రోజులకు పాత కంపెనీకి ఇవ్వాల్సిన డబ్బు మీరు కట్టి నెలలో చేర్చుకోండి. జాయినింగ్ బోనస్ ఇచ్చి, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని రాసుకోండి. ఆఫర్ ఇచ్చాక మూడు నెలలు పలకరించకపోతే ఎవరొస్తారు?

గంజాం హెచ్‌ఆర్: అంత ఖర్చు పెట్టలేం. హైదరాబాద్ జీతమే కావాలంటే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కండి.

గోపాల్‌పూర్ కోడర్: ఎక్కుతున్నారు కాబట్టే మీకు మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు దొరకట్లేదు. పని పరీక్షించకముందే పాత పే స్లిప్ ఎందుకడుగుతారు?

గంజాం హెచ్‌ఆర్: పాత జీతం మీద 30 శాతం పెంచడం అన్నిచోట్లా ఉన్న పద్ధతే.

గోపాల్‌పూర్ కోడర్: ఇక్కడ 22 వేలకు మొదలుపెట్టినవాడికి 28,600. అక్కడ 45 వేలకు మొదలుపెట్టినవాడికి 58,500. ఇద్దరూ ఒకే టీమ్, ఒకే పని. అద్దె సగమని మీరు తగ్గించేది ఒకసారి కాదు, ఉద్యోగం మారిన ప్రతిసారీ ఆ కోత వెంట వస్తుంది. పోస్టుకు కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని ప్రకటనలోనే వేయండి.

గంజాం హెచ్‌ఆర్: వేస్తే ఇప్పుడున్నవాళ్లు చూస్తారు. వాళ్లలో సగం మంది ఆ కనీసానికీ కిందే ఉన్నారు. రేపు నా టేబుల్ ముందు నిలబడేది వాళ్లే.

రాయగడ టెస్టర్: ఈ మాట మొదటే చెప్పాల్సింది. అయితే ముందు వాళ్లను ఆ కనీసానికి తెండి, ఆ తర్వాతే ప్రకటన.

గంజాం హెచ్‌ఆర్: ఆ డబ్బు ఏ పద్దులోంచి తెమ్మంటారు?

గోపాల్‌పూర్ కోడర్: మానేసినవాళ్ల చోట కొత్తవాళ్లను తెచ్చినందుకు కన్సల్టెన్సీలకు కడుతున్నారే, అందులోంచి.