తొమ్మిది, పది తరగతుల సత్యోపదేశం బడిలోనా, విచారణలోనా?

టైంటేబుల్ మాస్టారు, ఒంగోలు

మన కతోలిక హైస్కూళ్ళలో వారానికి రెండు పీరియడ్లు కతోలిక పిల్లల్ని సత్యోపదేశానికి (కతోలిక విశ్వాస పాఠానికి), మిగతావాళ్ళని నీతి విద్యకి పంపుతుంటాం. ఎనిమిది దాకా సరే. తొమ్మిది, పదికి మాత్రం దీన్ని బడి నుంచి తీసేసి, ఆదివారం పూజ అయ్యాక విచారణలో, అంటే మన గుడి పరిధిలో, చెప్పడమే మంచిదని నా వాదన. లెక్క చూడండి. పీరియడ్ 40 నిమిషాలు. మూడు సెక్షన్ల పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఒక గదికి చేరేసరికి ఏడెనిమిది పోతాయి. ప్రార్థనకీ హాజరుకీ ఐదు, వెనక్కి వెళ్ళడానికి మూడు. మిగిలేది పాతిక. సంక్రాంతి దాటితే పదో తరగతికి అదీ దక్కదు, లెక్కల మాస్టారు స్పెషల్ క్లాసుకి తీసేసుకుంటారు. టైంటేబుల్లో పేరుండి పాఠం జరగకపోతే, మార్కులు లేని చదువు చదువే కాదని మనమే నేర్పినట్టవుతుంది.

ఉపదేశ సిస్టర్, కందుకూరు

మాస్టారూ, పాతిక నిమిషాల లెక్క నిజమే. ఆదివారం మాటే మింగుడుపడటం లేదు. విచారణ అంటే ఒక్క పెద్ద గుడి కాదు కదండీ, చుట్టూ ఊళ్ళలో ఉపకేంద్రాలుంటాయి. గురువుగారు (ఫాదర్) అక్కడికి వంతుల మీద వస్తారు, మిగిలిన ఆదివారాలు ఉపదేశే (గురువు కాని బోధకుడు) ప్రార్థన నడిపిస్తారు. పదిహేనేళ్ళ పిల్లాడు అడిగే ప్రశ్నకి నిలబడి జవాబు చెప్పే శిక్షణ ఆయనకి మనం ఇచ్చామా? హాస్టల్ పిల్లలకైతే ఆదివారం అమ్మానాన్నలు చూడ్డానికొచ్చే రోజు. కనిగిరి, పామూరు వైపు నుంచి పనులకి వలసపోయే ఇళ్ళ పిల్లలకి బడే విచారణ. గది మారడంలో పోయే టైముకి మందుంది: రెండు పీరియడ్లూ కలిపి వారంలో ఒక్కరోజు 80 నిమిషాలు, మధ్యాహ్నం భోజనం అయిన వెంటనే పెట్టండి. తిన్నవాళ్ళు తిన్నట్టే నేరుగా ఆ గదికి వస్తారు.

చట్టం చదివిన తండ్రి, నెల్లూరు

ఎక్కడ చెప్పాలన్నది తర్వాత, ముందు సమ్మతి సంగతి తేల్చండి. రాజ్యాంగం 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో మతబోధకి ఎవర్నీ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. 30వ అధికరణం మైనారిటీలకి బడి నడుపుకునే హక్కు ఇచ్చిందే గాని ఈ షరతుని ఎత్తెయ్యలేదు. అడ్మిషన్ ఫారం వెనక ‘నియమాలన్నిటికీ ఒప్పుకుంటున్నాను’ అన్నచోట పెట్టిన సంతకం సమ్మతి కిందికి రాదని నా నమ్మకం. నీతి విద్యకి ఆ ఇబ్బంది లేదు. మతాల గురించి చదవడం వేరు, మతబోధ వేరు అని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కూడా ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దని 2024లో తన బడులకి మార్గదర్శకాలిచ్చింది. ఇంకొకటి, నీతి విద్య అంటే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వెళ్ళి ‘హోంవర్కు చేసుకోండి’ అనే పీరియడ్ కాకూడదు. అటువైపు పాఠం లేకపోతే ఎంచుకోవడానికి ఏముంది?

గుండ్లకమ్మ గట్టు

మీరంతా కతోలికులు, మిగతావాళ్ళు అని రెండు గంపలు చేశారు. ప్రకాశంలో అది కుదరదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్న నేల ఇది. మన బడుల్లో కతోలికులు కాని క్రైస్తవులు, అంటే బాప్టిస్టుల పిల్లలూ, పెంతెకొస్తు పిల్లలూ ఉన్నారు. ‘బైబిలే కదా’ అని వాళ్ళనీ సత్యోపదేశంలో కూర్చోబెడితే ఏమవుతుందో పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూడండి. ‘ఆరవ ఆజ్ఞ ఏది?’ అని అడుగుతాం. బాప్టిస్టు పిల్ల ‘నరహత్య చేయకూడదు’ అని రాస్తుంది. మనం తప్పు కొట్టి ‘వ్యభిచరింపరాదు’ అని దిద్దుతాం. ఆ పిల్ల రాసింది వాళ్ళ సండేస్కూలు ప్రకారం సరైన జవాబే. కతోలిక లెక్కలో విగ్రహాల మాట మొదటి ఆజ్ఞలోనే కలిసి ఉంటుంది, పొరుగువాని భార్య, పొరుగువాని ఆస్తి తొమ్మిది, పదిగా విడిపోతాయి. వాళ్ళకి విగ్రహాల మాటే రెండో ఆజ్ఞ, అందుకని మధ్యలో అంకెలన్నీ ఒకటి జరుగుతాయి. బైబిల్ గ్రంథాల సంఖ్యా అంతే: మన బైబిల్లో మొత్తం 73, వాళ్ళకి 66. తేడా అంతా పాత నిబంధనలోనే. పిల్లది తప్పు కాని తప్పుకి మార్కు పోగొట్టుకుని ఇంటికెళ్తే, వాళ్ళమ్మ మన బడి గురించి ఏమనుకోవాలి?

ఆఫీసు రికార్డులు, కావలి

అసలు ముల్లు ఇంకోచోట ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. పిల్లల్ని విడదీసేది ఏ జాబితా చూసి? అడ్మిషన్ రిజిస్టర్లో మతం గడి చూసి పేర్లు చదివితే మాత్రం ఘోరం. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి, వాళ్ళకి ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని రిజిస్టర్లో రాసిందొకటీ, ఆదివారం వెళ్ళేదొకటీ అయిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో మీకూ తెలుసు. రికార్డులో హిందూ అని ఉన్న పిల్ల సత్యోపదేశానికి లేచి నిలబడితే క్లాసంతా తలతిప్పి చూస్తుంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపే నెలల్లో ఆ ఇంట్లో వాళ్ళకి నిద్రపట్టదు. కాబట్టి కాగితం మీద మతం అడగొద్దు. ఏ పీరియడ్‌కి పంపుతారో అది మాత్రమే అడగండి. ఆ జాబితా ఆఫీసు బీరువాలోకి రాకూడదు, పాఠం చెప్పే టీచరు దగ్గరే ఉండాలి, ఏడాది చివర చించెయ్యాలి.

ఉపదేశ సిస్టర్, కందుకూరు

గట్టు గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. పేపర్లో ఆజ్ఞ అంకె వెయ్యకుండా వాక్యమే ఇచ్చి, దాని అర్థం అడిగితే ఆ పేచీ తీరుతుంది. ఆ మాటకొస్తే ఈ వయసుకి జపాల అప్పజెప్పుడు పరీక్ష ఎందుకండీ? భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కి) సిద్ధమయ్యే పిల్లలు అడిగేవి వేరే. దేవుడుంటే మా అన్న ఉరి ఎందుకు వేసుకున్నాడు? సైన్సులో చెప్పేది నిజమా, ఆదికాండం నిజమా? మెండెల్ బఠానీల పాఠం వాళ్ళ పుస్తకంలోనే ఉంది, ఆయన మఠంలో ఉన్న గురువని ఎంతమందికి చెప్పాం? విశ్వం విస్తరిస్తోందని 1927లో రాసిన లెమైత్ర్ కూడా గురువే. అక్కణ్ణుంచి మొదలుపెడితే పిల్లలు నోరు విప్పుతారు.

ఇలాంటి ప్రశ్నలు చీటీల మీద రాసి వేయించే ప్రశ్నల డబ్బా పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ప్రశ్న ఉన్నవాళ్ళే చీటీ వేస్తే ఎవరు వేశారో అందరికీ తెలిసిపోతుంది, రెండోవారానికి డబ్బా ఖాళీ. ఒకే సైజు చీటీలిచ్చి, ప్రశ్న లేనివాళ్ళూ ఖాళీ చీటీ మడిచి వెయ్యాలి. చదివేటప్పుడు చేతిరాత పక్కపిల్లల కంట పడకూడదు, ముందురోజే మీ నోట్సులోకి ఎక్కించుకోండి. ఉరి, ఇంట్లో కొట్టడం లాంటివి క్లాసులో చదవొద్దు. ఆ చీటీ ఎవరిదో నెమ్మదిగా తెలుసుకుని విడిగా మాట్లాడాలి, అదీ ఆరోజే.

టైంటేబుల్ మాస్టారు, ఒంగోలు

తొమ్మిదికి 80 నిమిషాల పద్ధతికి ఒప్పుకుంటాను. పదికి నా మాట అదే: డిసెంబరు దాకా బడిలో, తర్వాత విచారణలో. సమ్మతి కాగితం ఇలా రాశాను: ‘మా అబ్బాయి/అమ్మాయిని ఈ ఏడాది (1) సత్యోపదేశానికి (2) నీతి విద్యకి పంపుతాము. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తండ్రి సంతకం.’

ఆఫీసు రికార్డులు, కావలి

‘తండ్రి సంతకం’ తీసేసి ‘తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుల సంతకం/వేలిముద్ర’ అని వెయ్యండి. తండ్రి పనికి వెళ్ళి ఉగాదికి గానీ రాని ఇళ్ళ కాగితాలే చివరిదాకా తిరిగి రావు. రానివాటిని సత్యోపదేశం కింద లెక్కెయ్యొద్దు, నీతి విద్య కిందే వెయ్యండి.