శాడ్ అంటే ఒకప్పుడు కడుపు నిండినవాడు

ప్రశ్న: డిగ్రీ చదివే మా అమ్మాయి ‘రోమియో అండ్ జూలియట్’లో ఒక చోట ఆగిపోయింది. ఎవరిని ప్రేమిస్తున్నావో ‘శాడ్‌నెస్’తో చెప్పు అని రోమియోను అతని మిత్రుడు బెన్వోలియో అడుగుతాడు. ప్రేమ సంగతి దుఃఖంతో చెప్పమనడం ఏమిటి?

జవాబు: అక్కడ ఆ మాటకు దుఃఖం అనే అర్థం లేదమ్మా. వేళాకోళం మాని నిజం చెప్పు అని అడుగుతున్నాడు. రోమియో మాత్రం కావాలనే దుఃఖం అర్థం తీసుకుని, మూలుగుతూ చెప్పమంటావా అని తిప్పికొడతాడు. 1590ల నాటికి రెండు అర్థాలూ వాడుకలో ఉన్నాయి కనుకనే ఆ శ్లేష పండింది. పాఠం చెప్పేవారు దీన్ని దాటేస్తే పిల్లలకు చాలా అన్యాయం జరుగుతుంది.

ప్రాచీన ఇంగ్లీషులో శాడ్ అంటే తృప్తిగా తిన్న, ఇక చాలు అన్న స్థితి. చాలినంత అనే అర్థమున్న లాటిన్ ‘సాటిస్’ దీనికి దాయాది. జర్మన్‌లో ‘జట్’ అంటే నేటికీ కడుపు నిండిన అనే అర్థం. నిండినవాడికి మొహం మొత్తుతుంది, ఒళ్లు బరువెక్కుతుంది. ఆ బరువే ఒకవైపు గాంభీర్యంగా, మరోవైపు దిగులుగా మారింది. బోలుగా కాకుండా గట్టి ఇనుముతో పోతపోసిన పాతకాలపు ఇస్త్రీ పెట్టెను ‘శాడ్ ఐరన్’ అనేవారు. అందులో దుఃఖమేమీ లేదు, బరువే ఉంది.

ఇంత దూరం వెళ్లనక్కర్లేదు, మన పాలమూరులోనే ఇలాంటి మాట ఉంది. పారసీ నుంచి వచ్చిన ‘బేజారు’ను చూడండి. మూలంలో విసిగిపోయిన, ఏవగింపు కలిగిన అని అర్థం. ఎండలకు బేజారెత్తిందని మనం అనేదీ ఆ విసుగే. కృష్ణ దాటి రాయచూరు వెళితే కన్నడంలో అదే మాట విసుగుతో పాటు బాధకూ చెల్లుతుంది. శాడ్ నడిచిన దారిలోనే ఇదీ నడిచిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ‘పరేషాన్’ది మాత్రం వేరే దారి. పారసీలో దాని అసలు అర్థం చెదిరిన అని. ఉర్దూ కవులు చెదిరిన కురులను కూడా పరేషాన్ అనే అంటారు.

మరొకరు: మాది నారాయణపేట వైపు, ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు. మీరన్నది నిజమే సార్. ‘బేజార్ మాడ్కోబేడి’ అని మా అమ్మ అంటే విసుక్కోవద్దని కాదు, మనసు కష్టపెట్టుకోవద్దని. బడిలో తెలుగు పిల్లలకు ఈ తేడా విడమరచి చెప్పాల్సి వస్తుంటుంది.