ఎండాకాలంలో పీఎస్4 స్లిమ్ హోరు, మధ్యలో ఆగిపోవడం: విప్పించాలా?

మల్కాజిగిరి_సండే:

అందరికీ నమస్కారం. మా దగ్గరున్నది సోనీ గేమ్ కన్సోల్ పీఎస్4 స్లిమ్, 500 జీబీ, సీయూహెచ్-2000 సిరీస్. 43 అంగుళాల 4కే టీవీకి హెచ్‌డీఎంఐతో పెట్టాం. రాత్రి తొమ్మిది దాటాక ఓ గంట, ఆదివారాలు పిల్లలతో రెండు మూడు గంటలు ఆడతాం. ఎఫ్‌సీ (ఫుట్‌బాల్ ఆట), క్రికెట్ 24, జీటీఏ 5, అంతే. ర్యాంకులు, పోటీలు ఏమీ లేవు. వారమంతా అయ్యాక సోఫాలో కూర్చుని ఆడుకునే ఆ కాసేపూ హాయిగా ఉంటే చాలు.

ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి ఆన్ చేసిన 20 నిమిషాలకే ఫ్యాన్ మిక్సీ తిప్పినట్టు అరుస్తోంది. 45 నిమిషాలకు చాలా వేడెక్కిందని తెర మీద చూపించి ఆగిపోతోంది. చలికాలంలో ఈ బాధ లేదు. టీవీ కింద గాజు తలుపున్న చెక్క అల్మారాలో పెట్టాం. గదిలో ఏసీ లేదు, కూలర్ ఉంది.

ఇంకో మూడు సంగతులు. క్రికెట్‌లో బటన్ నొక్కినదానికి బ్యాట్ ఆలస్యంగా కదులుతోంది. ఒక కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా ఆటగాడు పైకి నడుస్తున్నాడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ స్టోరేజీ చెక్ చేస్తున్నానంటూ చాలాసేపు కూర్చుంటోంది.

రిపేరు షాపులో అడిగితే మొత్తం విప్పి చిప్పు వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్చాలన్నారు. నిజంగా అవసరమా, లేక ఇంట్లో చూసుకోగలిగేదేమైనా ఉందా?

---

స్లాబ్‌కింది_గది:

అన్నా, ఇప్పుడే విప్పించకు. ముందుగాల దాన్ని అల్మారలకెళ్లి బయటికి తియ్యి.

స్లిమ్ పక్కల ఉన్న గాడిలకెళ్లి గాలి గుంజుకుంటది, ఎన్క దిక్కు వదుల్తది. ఆడేటప్పుడు 80 వాట్ల దగ్గర తింటది. అంటే 80 వాట్ల బల్బు ఎలిగించి అల్మారల పెట్టి గాజు తలుపు మూసినట్టే. బయటికి వదిలిన ఏడి గాలినే మళ్ల పక్కలకెళ్లి గుంజుకుంటది. సోనీ చెప్పిన లెక్క 5 నుంచి 35 డిగ్రీలు, అది గది లెక్క కాదు, మిషన్ సుట్టూ ఉన్న గాలి లెక్క. మన దగ్గర మే నెలల పై అంతస్తు గది రాత్రి పదింటికి గూడ 34, 35 ఉంటది. అల్మారల ఎంతుంటదో నువ్వే సమజ్ చేస్కో.

ఒక పరీక్ష చెయ్యి. ఉత్త బల్ల మీద పెట్టు, గోడకు జానెడు దూరం ఉండాలె. అదే ఆట, అదే గది, 45 నిమిషాలు ఆడు. ఫ్యాన్ సప్పుడు పెరిగినప్పుడు ఎన్క చెయ్యి పెట్టి గాలి ఎట్ల వస్తున్నదో సూడు.

గాలి బాగ ఏడిగ ఉండి సన్నగ వస్తే లోపల దుమ్ము అడ్డం పడ్డట్టు. ఫ్యాన్ గట్టిగ తిరుగుతున్నది, గాలి జోరుగ వస్తున్నది గాని గోరువెచ్చగనే ఉన్నది, అయినా ఆగిపోతున్నది అంటే చిప్పు ఏడి హీట్‌సింక్‌కు (ఏడిని గుంజే లోహపు దిమ్మెకు) ఎక్కుతలేదు, అప్పుడు పేస్ట్ ఎండిపోయినట్టు. అసలు ఫ్యాన్ సప్పుడే పెరగకుంట ఆగిపోతే ఫ్యానే ఖరాబ్. ఈ మూడింట్ల ఏదో తెల్వకుంట పేస్ట్ మార్పిస్తే పైసలు పోతయి, సప్పుడు మాత్రం పోదు.

దుమ్మయితే విప్పకుంట గూడ కొంత తియ్యొచ్చు. ప్లగ్గు పీకి అరగంట సల్లారనియ్యి. కంప్రెస్డ్ ఎయిర్ డబ్బాను నిలువుగనే పట్టుకొని ఎన్క జాలిలకెళ్లి రెండు మూడు సెకన్ల చొప్పున కొట్టు. డబ్బా వంచితే సల్లటి ద్రవం లోపల పడ్తది. ఫ్యాన్ రెక్కలు అందుతే పుల్లతోని ఆపి పట్టు, గాలికి జోరుగ తిరిగితే బేరింగ్ దెబ్బతింటది. దుకాణంల టైర్లకు కొట్టే గాలి వద్దు, అండ్ల నీళ్లు ఉంటయి. ఇంట్ల ఊడ్చే వాక్యూమ్ గొట్టం గూడ లోపల పెట్టకు, స్టాటిక్ కరెంటు తయారైతది.

కూలర్ గాలి నేరుగ తగలనియ్యకు. సల్లగ ఉంటదని కూలర్ ముంగట పెట్టేటోళ్లు శానమంది ఉన్నరు. తడి గాలితోని దుమ్ము హీట్‌సింక్ ఫిన్నుల (రేకుల) మీద బంక లెక్క పట్టుకుంటది, ఇగ అది గాలి కొడితే పోదు. అల్మారల బొద్దింకలు ఉన్నయేమో గూడ సూస్కో. ఎచ్చదనానికి పవర్ సప్లైల గూడు పెడ్తయి, అక్కడ షార్ట్ అయితే మొత్తం బోర్డుకే తిప్పలు. స్ప్రే కొట్టకు, అల్మార మూలలకు జెల్ మందు పెట్టు.

ఇంక పేస్టే అని తేలితే: కావాల్సింది మధ్యల గుంట ఉన్న సెక్యూరిటీ టార్క్స్ డ్రైవర్ (టీ8 లేదా టీ9), చిన్న ప్లస్ డ్రైవర్, తుడవనీకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 4 గ్రాముల పేస్ట్. నాలుగు గ్రాములు రెండు మూడు సార్లకు సరిపోతది. పవర్ సప్లై డబ్బాను మాత్రం తెరవకు, ప్లగ్గు పీకినా అండ్ల కెపాసిటర్లల కరెంటు ఉంటది. చిప్పు ఎనక ఎక్స్ ఆకారంల పట్టీ ఉంటది, రెండు స్క్రూలు. ఇప్పేటప్పుడు, బిగించేటప్పుడు రెండింటిని సగం సగం తిప్పాలె. ఒకటే పూర తిప్పితే ఒత్తిడి ఒక దిక్కే పడ్తది. పాత పేస్ట్ పూర తుడిచి, కొత్తది చిప్పు మీద పల్చగ, మూలలు గూడ కప్పేటట్టు పుయ్యి. మెమరీ చిప్పుల మీదున్న మెత్తటి థర్మల్ ప్యాడ్లు చినిగితే అదే మందం ఉన్న కొత్తవి పెట్టాలె, పేస్ట్‌తోని నింపొద్దు. లిక్విడ్ మెటల్ అస్సలు వద్దు, అది అల్యూమినియంను తింటది. పీఎస్5లో కంపెనీయే లిక్విడ్ మెటల్ పోసింది, అందుకే దాన్ని ఇంట్ల హీట్‌సింక్ దాక విప్పొద్దంట.

---

తార్నాక_60హెర్ట్జ్:

బ్యాట్ ఆలస్యం గురించి చెప్తాను. ఇది కన్సోల్ తప్పు కాదు, టీవీ చేసే పని.

టీవీ ప్రతి ఫ్రేమును అందంగా చూపించడానికి దాన్ని కాసేపు తన దగ్గర పెట్టుకుంటుంది. మోషన్ స్మూతింగ్ అయితే రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేము తయారు చేయడానికి తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాల్సిందే. సినిమా చూస్తే తెలియదు, ఆటలో తెలిసిపోతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే ఆరు ఫ్రేములు వెనకబడ్డారు. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ లోపల దాదాపు 4 మీటర్లు ప్రయాణిస్తుంది. పిచ్ పొడవే 20.12 మీటర్లు. మీరు చూసే బంతి నిజంగా ఉన్న చోటికి అంత వెనక ఉంటే మంచి లెంగ్త్ బంతికి టైమింగ్ ఎలా కుదురుతుంది?

టీవీలో పిక్చర్ సెట్టింగ్స్‌కి వెళ్లి, ఈ ప్రాసెసింగ్‌ను తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి. చాలామంది ఇక్కడే తప్పుతారు: ఎక్కువ టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు నడుస్తుండగా మార్చి, పీఎస్4కి కూడా మారిందనుకుంటారు. ఆట తెర మీద ఉండగానే మార్చండి. గేమ్ మోడ్ లేని పాత టీవీ అయితే ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చి చూడండి, చాలా మోడళ్లలో ప్రాసెసింగ్ దానంతటదే ఆగుతుంది. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్, డైనమిక్ కాంట్రాస్ట్ మూడూ ఆపండి.

గేమ్ మోడ్ పెట్టగానే రంగులు కాస్త వెలిసినట్టు అనిపిస్తాయి. రెండు రోజుల్లో కళ్లకు అలవాటవుతుంది, మళ్లీ పాత మోడ్‌కి వెళ్లకండి. నలుపులో వివరాలన్నీ మునిగిపోతుంటే మాత్రం పీఎస్4లో ఆర్‌జీబీ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా రంగుల పరిధి) చూడండి. అది ఫుల్‌లో ఉండి టీవీ లిమిటెడ్‌లో ఉంటే అలాగే అవుతుంది. రెండింటినీ ఒకేలా పెట్టండి.

చప్పుడు బ్లూటూత్ సౌండ్‌బార్‌లో వింటుంటే అదీ ఆలస్యమే, వైరు పెట్టండి. రాత్రిపూట ఇంట్లో వాళ్లు పడుకున్నాక ఆడాలంటే మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పీఎస్4కి నేరుగా కలవవు. వైరున్న ఇయర్‌ఫోన్ కంట్రోలర్ కింది 3.5 ఎంఎం రంధ్రంలో పెట్టి, ఆడియో డివైసెస్‌లో అవుట్‌పుట్ టు హెడ్‌ఫోన్స్ దగ్గర ఆల్ ఆడియో ఎంచుకోండి. అది మార్చకపోతే చాట్ మాటలే వస్తాయి, ఆట చప్పుడు రాదు.

---

టంకం_కోఠి:

స్టిక్ విషయం. ముందు కంట్రోలర్ వెనక ఎల్2 దగ్గరున్న సన్నటి రంధ్రంలో పిన్నుతో ఐదు సెకన్లు నొక్కి రీసెట్ చేయండి, తర్వాత యూఎస్‌బీ వైరుతో మళ్లీ జత చేయండి. దీనితో డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే స్టిక్ కదిలినట్టు అవడం) పోవడం అరుదే కానీ ఖర్చు లేని పని కదా.

పోకపోతే స్టిక్‌ను ఒక పక్కకు పూర్తిగా వంచి, దాని అడుగు భాగంలో రెండు చుక్కలు 99 శాతం ఐసోప్రొపైల్ వేసి, చుట్టూ ఇరవై ముప్పై సార్లు తిప్పండి. ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. చిప్స్ తిన్న చేతుల జిడ్డు, దుమ్ము కారణమైతే ఇక్కడితో తీరుతుంది. వారం పది రోజుల్లో మళ్లీ వచ్చిందంటే లోపలి కార్బన్ పట్టీ అరిగిపోయింది. ప్రతి స్టిక్‌కు దాని కదలికను కొలిచే రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. మీ ఆటగాడు పైకే నడుస్తున్నాడు కాబట్టి నిలువుది పోయి ఉంటుంది. అరిగిన పట్టీని ఏ స్ప్రే బాగుచేయదు.

అప్పుడు మాడ్యూల్ మొత్తం మార్చాలి. షెల్ వెనక నాలుగు స్క్రూలు, ప్లస్ 00 డ్రైవర్. రెండు సగాల మధ్య పల్చటి పట్టీ కేబుల్ ఉంటుంది, గుంజితే తెగుతుంది, నెమ్మదిగా తెరవండి. స్టిక్ మాడ్యూల్‌కు 14 కాళ్లుంటాయి, అన్నింటి టంకమూ కరిగాకే బయటికి రావాలి. పాతదాని మీద కొత్త లెడ్ టంకం కాస్త వేసి, 350 డిగ్రీల ఐరన్‌తో, విక్‌తో (టంకం పీల్చే రాగి అల్లిక) పీల్చాలి. ఒక్క కాలు అతుక్కుని ఉండగా లాగితే బోర్డు మీది రాగి పాడ్ లేచిపోతుంది, అక్కడితో ఆ బోర్డు కథ ముగిసినట్టే. ఇంతకుముందు టంకం పట్టని చేయి అయితే దీనితో మొదలుపెట్టకండి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ అడిగి చేయించండి. ఇచ్చేముందు ఒక్క మాట అడగండి: పెట్టేది మామూలు మాడ్యూలా, హాల్ ఎఫెక్ట్‌దా అని. హాల్ ఎఫెక్ట్‌లో అయస్కాంతంతో కొలుస్తారు, రాపిడి లేదు కాబట్టి అరుగుదల లేదు. కానీ పెట్టాక మధ్య స్థానం క్యాలిబ్రేట్ చేసి ఇవ్వాలి, చేయకపోతే కొత్తదే డ్రిఫ్ట్ అవుతుంది. అక్కడే ఆన్ చేయించి, స్టిక్ వదిలేసి చూసి తెచ్చుకోండి.

కొత్త కంట్రోలర్ కొనేట్టయితే ఫస్ట్ కాపీల (నకిలీల) జోలికి వెళ్లకండి. స్టిక్ మధ్యలో చాలా దూరం కదిపినా స్పందించదు, కొన్నిట్లో ఇయర్‌ఫోన్ రంధ్రం ఉత్తిదే. ఫుట్‌బాల్‌లో సన్నటి పాస్ వేయలేరు, పిల్లలు తమకే చేతకావడం లేదనుకుంటారు.

---

ఉప్పల్_సైన్‌వేవ్:

కరెంటు సంగతి నేను చెప్తా. కరెంటు పోయినప్పుడు డిస్కు మీద ఏదో రాస్తూ ఉంటే ఆ రాత మధ్యలో తెగుతుంది, అందుకే ఆన్ అవగానే చెక్ చేస్తుంది. పదే పదే జరిగితే మెనూలు నత్తనడక నడుస్తాయి. సేవ్ డేటా ముందు పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసుకోండి. తర్వాత పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ రెండో బీప్ వచ్చేదాకా, దాదాపు 7 సెకన్లు, నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ను వైరుతో కలపాలి. అందులో 5వది రీబిల్డ్ డేటాబేస్. ఆటలు చెరగవు. 6, 7 జోలికి వెళ్లొద్దు, అవి మొత్తం తుడిచేస్తాయి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. నార్మల్‌లో మారడానికి పట్టే సమయం ఫ్యాన్లకు, లైట్లకు తెలియదు కానీ కన్సోల్ ఆఫ్ అవుతుంది. కన్సోల్, 43 అంగుళాల టీవీ కలిపి 180 వాట్ల దగ్గర, ఇంటి ఇన్వర్టర్‌కు అదొక లెక్క కాదు. ఇన్వర్టర్ లేకపోతే కంప్యూటర్లకు వాడే 600 వీఏ యూపీఎస్ చాలు. దానిలో బ్యాటరీ 12 వోల్టులు, 7 ఏహెచ్. ఆట పూర్తి చేయడానికి కాదు, సేవ్ చేసి సరిగ్గా ఆఫ్ చేయడానికి పది నిమిషాలు ఇస్తుంది. మే నెల ఈదురుగాలుల్లో కరెంటు రెప్పపాటులో పోయి వస్తుంటుంది, దానికి ఇదే మందు. ఇంకోటి, ఆడటం అయ్యాక రెస్ట్ మోడ్‌లో వదిలేయకండి. అప్పుడు కరెంటు పోయినా ఇదే చెకింగ్.

---

మల్కాజిగిరి_సండే:

అందరికీ చాలా థ్యాంక్స్. బల్ల మీద పెట్టి 45 నిమిషాలు క్రికెట్ ఆడాం, ఆగలేదు. కానీ 30 నిమిషాలకు ఫ్యాన్ పెరిగింది. వెనక గాలి బాగా వేడిగా, సన్నగా వస్తోంది. గేమ్ మోడ్ నిజంగానే వేరే హెచ్‌డీఎంఐకి ఉంది, మార్చగానే బ్యాట్ చేతికి అందింది. ఇన్వర్టర్ నార్మల్ మోడ్‌లోనే ఉంది, అదీ మార్చాను. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే వేడి తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

---

స్లాబ్‌కింది_గది:

ఏడిగ, సన్నగ అంటే దుమ్మే అన్నా. పేస్ట్ ముట్టకు. డబ్బా గాలి కొట్టి మళ్ల 45 నిమిషాలు సూడు. తగ్గకపోతే షాపుల ఫ్యాన్, ఫిన్నులు మాత్రమే సాఫ్ చెయ్యమని చెప్పు.

ఎస్‌ఎస్‌డీతోని ఏడి తగ్గేది ఒకటి రెండు వాట్లే, ఫ్యాన్‌కు తెల్వది గూడ. ఏడి అంత చిప్పుది. జీటీఏ 5 లోడింగ్ తొందరగ కావాలంటే మాత్రం పెట్టు, ఆ తేడా మంచిగ తెలుస్తది. 2.5 అంగుళాల సాటా రకం కొను, ఎం.2 కాదు. స్లిమ్ ఎన్క మూల మూత జరిపితే గుర్తులున్న ఒక్క స్క్రూ కనవడ్తది, అది ఇప్పితే డ్రైవ్ బయటికి వస్తది. పెన్‌డ్రైవ్‌ల పీఎస్4 అని ఒక ఫోల్డరు, దాంట్ల అప్‌డేట్ అని ఇంకోటి, రెండు పేర్లు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలల్ల ఉండాలె. అండ్ల పెట్టాల్సింది 1 జీబీ పైన ఉండే రీఇన్‌స్టాలేషన్ ఫైల్. చిన్న అప్‌డేట్ ఫైల్ పెడితే కొత్త డ్రైవ్ మీద ఎక్కదు, శానమంది ఆడనే ఆగిపోతరు. దీనికి మాత్రం సేఫ్ మోడ్‌ల 7వదే నొక్కాలె, అందుకే పాత డ్రైవ్ తియ్యకముందే సేవ్‌లు కాపీ చేస్కో.